కళాయి మెరుపు

నరసరావుపేట పాత బజారులో, నాన్న చంద్రమౌళి ఇత్తడి సామాన్ల కొట్టు ముందు, ఫోను చేతిలో పట్టుకుని సింధూజ కొయ్యబారిపోయిన చోట పోయిన వారం మనం ఆమెను వదిలేసి వచ్చాం. పాపం, వారమంతా అక్కడే నిలబడి ఉంది పిల్ల. ఎదురుగా కోటప్పకొండ తిరునాళ్ళకు వెదురుతో ఎత్తుగా కట్టిన శివరాత్రి ప్రభ నేల మీద పడుకోబెట్టి ఉంది. దాని నడిమధ్య, త్రికోటేశ్వర స్వామి పటం కింద, సింధూజ నిలువెత్తు బొమ్మ. “ప్రపంచ శాస్త్రవేత్తలను నివ్వెరపరచిన మన బజారు ఆడపడుచు” అని ఫ్లెక్సీ మీద ఎర్రటి అక్షరాలు. ఫోనులో మాత్రం ల్యాబులో తన జూనియర్ ఇష్రత్ పంపిన సందేశం: “అక్కా, ప్రభ లేవకముందే ఫోన్ చెయ్. మన స్ఫటికం అబద్ధం చెప్పింది.”

ప్రభ లేవకముందే అని ఇష్రత్ ఊరికే అనలేదు. ఆమెది మాచర్ల, తిరునాళ్ళ పద్ధతులు ఎరిగిన పిల్ల. ఈ బజారు వాళ్ళకు ఒక పట్టింపు ఉంది. ఒకసారి లేపి నిలబెట్టిన ప్రభను కోటప్పకొండ చేరేదాకా దించరు. దారిలో కరెంటు తీగ అడ్డం వచ్చినా, బండి చక్రం దిగబడినా, తల పట్టుకుని కూర్చుంటారు గానీ దించే మాట ఎత్తరు. మధ్యాహ్నం ప్రభ లేచిందంటే సింధూజ బొమ్మ లక్షల జనం మధ్యకు పోయినట్టే.

ఇంతకీ ఆమె చేసిన ఘనకార్యం ఏమిటి? సీరియం, కోబాల్టు, ఇండియం కలిసిన స్ఫటికం ఒకటుంది. అందులోని ఎలక్ట్రాన్లు మామూలు లోహంలో మాదిరిగా చలాకీగా పరుగెత్తవు. తమ బరువు వందల రెట్లు పెరిగినట్టు కాళ్ళు ఈడ్చుకుంటూ నడుస్తాయి. అందుకే ఆ జాతి పదార్థాలను హెవీ ఫెర్మియాన్లు అంటారు. ఆ బద్ధకపు ఎలక్ట్రాన్లనే పరమ శూన్య ఉష్ణోగ్రతకు రెండు డిగ్రీల చిల్లర పైదాకా చల్లబరిస్తే జంటలు కట్టి, ఏ అడ్డూ లేకుండా ప్రవహిస్తాయి. అదే అతివాహకత. ఆ స్ఫటికంలో కాస్త ఇండియం బదులు కాస్త తగరం పెడితే ఆ జంటలు చెదిరిపోతాయని, అతివాహకత ఇంకా చలికి జారిపోయి చివరికి లేకుండానే పోతుందని చేసినవాళ్ళందరూ చెప్పారు. సింధూజ స్ఫటికం ఒక్కటే ఎదురు తిరిగింది. తగరం కలిపితే దాని అతివాహకత తగ్గకపోగా దాదాపు నాలుగు డిగ్రీల దగ్గరే మొదలైంది. ఆమె పరిశోధన పేపరును సైన్సు పత్రిక ఒప్పుకుంది. సోమవారం వెలువడుతుంది.

తగరం అనే మాట చెవిన పడగానే చంద్రమౌళి పొంగిపోయాడు. తాతల నాటి నుంచి ఇత్తడి గిన్నెలకు కళాయి పూయించి అమ్మిన కొట్టు వాళ్ళది. కళాయి అంటే తగరమే కదా. “మా బడి చదువు మాట ఎట్టున్నా, మా తగరం చదువుకుందండీ” అని వచ్చిన ప్రతి బేరగాడికీ చెప్పుకున్నాడు. ఆ సంతోషంలో కూతుర్ని అడగకుండానే ఫ్లెక్సీ కొట్టించాడు. అడిగి ఉంటే వద్దనేదని ఆయనకు తెలియక కాదు.

సింధూజ కొట్టు వెనక గదిలోకి పోయి, గంగాళాల మధ్య నిలబడి ఫోను చేసింది.

“అక్కా, కోప్పడమాక” అంది ఇష్రత్, పలకరింపైనా లేకుండా. “నీ బ్యాచ్ స్ఫటికం మీద హీట్ కెపాసిటీ తీశా. నాలుగు డిగ్రీల దగ్గర ఏమీ లేదు. గీత చదునుగా పోయింది.”

“సరిగ్గా చూశావా?”

“చూసిందే చూశానక్కా. బాగా కిందకి పోయినాక చిన్న గుట్ట లేచింది. తగరం ఎయ్యని దానికన్నా చానా కింద. లోకం చెప్పిందే నిజం. తగరం చంపుతుంది, లేపదు.”

సింధూజ పక్కనున్న గంగాళం అంచు పట్టుకుంది. ఆ కొలత అంటే ఏమిటో ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు. కరెంటు ప్రవాహానికి అడ్డు ఎంత ఉందో కొలిస్తే, స్ఫటికంలో ఒక్క సన్నని అతివాహక పోగు ఉన్నా చాలు, కరెంటంతా దాని గుండానే పోయి సున్నా చూపిస్తుంది. వేడిని కొలవడం అట్లా కాదు. అది రాయి మొత్తాన్నీ నిలదీసి అడుగుతుంది. మొత్తం రాయి లేదంటే లేదనే అర్థం.

“మరి ఆ సున్నా ఎక్కడి నుంచి వచ్చిందే?”

“ఫ్లక్సు నుంచి” అంది ఇష్రత్ మెల్లగా.

ఈ స్ఫటికాలను పెంచేది కరిగిన ఇండియంలో. కొలిమిలో ఇండియం నీళ్ళలా కరిగాక సీరియం, కోబాల్టు అందులో కలిసిపోతాయి. నిదానంగా చల్లారుస్తూ పోతే స్ఫటికాలు కడతాయి. మిగిలిన లోహాన్ని వేడి మీదే గిర్రున తిప్పి వడకట్టేస్తారు. ఆ మిగులునే ఫ్లక్సు అంటారు. ఎంత వడకట్టినా ఏదో పొరలో కాస్త మిగలవచ్చు, మిగిలితే అది సొంతంగా అతివాహకమై కొలిచేవాళ్ళను మోసం చేయవచ్చు. ఈ పని చేసేవాళ్ళందరికీ తెలిసిన గండమే ఇది.

“నాకు తెలీదా ఫ్లక్సు సంగతి?” సింధూజ గొంతు లేచింది. “ఇండియం గుర్తు మూడున్నర డిగ్రీల దగ్గర పడుద్ది. నేను ప్రత్యేకం చూశా. అక్కడ ఏమీ లేదు. గురునాథం సార్ కూడా చూశాడు.”

“ఉత్త ఇండియం అయితే అక్కడ పడుద్దక్కా. మనం తగరం ఎక్కడేశాం? ఆ ఇండియంలోనేగా. స్ఫటికంలోకి పోయింది కొంచెమే, మిగతాదంతా ఫ్లక్సులోనే ఉండిపోయింది. ఇంక అది ఉత్త ఇండియం ఎట్టా అవుద్ది?”

సింధూజకు సంగతి అర్థమైంది. దొంగ ఎర్ర చొక్కాలో వస్తాడని గుమ్మం దగ్గర కాపలా కూర్చుంది తను. వాడి చొక్కాకు రంగు మార్చింది కూడా తనే. తగరం స్ఫటికానికి ఏం చేస్తుందోనని రెండేళ్ళు నిద్రాహారాలు మానుకుని చూసింది గానీ, అదే తగరం ఫ్లక్సును కూడా మార్చేసి దాని గుర్తును నాలుగు డిగ్రీల దగ్గరికి జరుపుతుందన్న ఆలోచనే రాలేదు. తెలివి తక్కువై కాదు. వచ్చిన ఫలితం తీపిగా ఉంది, తీపిని ఎవరూ రెండోసారి అనుమానించరు.

“సార్‌కి చెప్పావా?”

“లేదక్కా. ముందు నీకే. నాకు భయమేస్తంది.”

భయం సింధూజకూ వేసింది. కానీ మునిగిపోతున్న మనిషి చేతికి ఏదో ఒకటి తగులుతుంది కదా, ఆమెకూ ఒక ఆశ తగిలింది. ఇష్రత్ కొలిచింది ఆ బ్యాచ్‌లో ఇంకో ముక్క. పేపర్లో అచ్చవబోయే గీత వచ్చిన అసలు స్ఫటికం తన దగ్గరే ఉంది. నాన్న ఒక్కసారి చూపించమంటే చిన్న డబ్బాలో పెట్టి తెచ్చింది. ఆ ముక్క శుభ్రంగా ఉంటే? ఆ ఒక్కటి నిజమైతే?

కొట్టు పైనే ఇల్లు. మెట్లు రెండేసి చొప్పున ఎక్కి దేవుడి గూటి దగ్గరికి పోయింది. పొద్దున అమ్మ కనకలక్ష్మి ఆ డబ్బాను స్వామి పటం ముందు పెట్టింది. ఇప్పుడక్కడ డబ్బా లేదు.

“అమ్మా, నా రాయేది?”

కనకలక్ష్మి వంటింట్లోంచి వచ్చింది. కొంగుతో చేతులు తుడుచుకుంటోంది, తుడిచిన చేతుల్నే మళ్ళీ తుడుచుకుంటోంది. “ఏమే, అట్టా చెమటలు పట్టినయ్యేంది? కూర్చో, మజ్జిగ తెస్తా.”

“రాయేదమ్మా?”

“నన్ను తిట్టనంటే చెప్తా.” ఆమె బియ్యం డబ్బా వెనక నుంచి ఆ చిన్న డబ్బా తీసింది. “మకిలిగా కనపడింది. దేవుడి ముందర పెట్టేది కదా, మెరుపొచ్చుద్దని చింతపండేసి కాస్త రుద్దా. పైన రేకులాగా ఊడొచ్చింది. అతికిద్దామని చూశా, అతకలా.”

ఇత్తడి అమ్మే ఇంట్లో లోహం అన్నది ఏది కనపడినా చింతపండుతో తోమడమే తెలుసు. ఇంకో రోజైతే సింధూజ ఇల్లు పీకి పందిరేసేది. ఇవాళ మాట్లాడకుండా డబ్బా అందుకుని కిటికీ వెలుగులో మూత తీసింది. స్ఫటికం పలకలు పలకలుగా పెరుగుతుంది, అమ్మ ఒత్తిడికి రెండు పలకల మధ్య విడిపోయింది. విడిన చోట, లోపలి ముఖం మీద, తెల్లటి వెండి పొర ఒకటి సన్నగా పరుచుకుని ఉంది. ఆమె గోటితో గీరింది. అసలు స్ఫటికమైతే గోటికి లొంగదు. ఇది మెత్తగా గీత పడి, గోటి కిందికి చేరి, బొటనవేలికి అంటుకుంది.

రెండేళ్ళుగా తాను కొలిచింది దీన్నే. బరువైన ఎలక్ట్రాన్లను కాదు, వాటి జంటలను కాదు. పలకల మధ్య ఇరుక్కుపోయిన ఈ పిసరంత ఫ్లక్సును. సింధూజకు సిగ్గేసింది, ఆ వెంటనే ఏడుపొచ్చింది.

“అంత ఖరీదైందా తల్లీ?” అంది కనకలక్ష్మి బిక్కమొహం వేసుకుని. “నువ్వేం చెయ్యలేదమ్మా, అది ముందే చెడింది” అని సింధూజ ఆమె భుజం పట్టుకుంది.

సరిగ్గా అప్పుడే మెట్ల మీద చెప్పుల చప్పుడైంది. గురునాథం సార్. సింధూజ గైడు, గురజాల మనిషి, ఇవాళ బజారు వాళ్ళు ఆమెకు చేయబోయే సన్మానానికి ముఖ్య అతిథి. ఇస్త్రీ చొక్కా, మెడలో అప్పుడే ఎవరో వేసిన బంతిపూల దండ. సింధూజ ఫెలోషిప్పు ఆగిపోయి చదువు మానేస్తానన్న రోజున ఈయనే ఇంటికి పిలిచి భోజనం పెట్టి నిలబెట్టాడు. అది ఆమె మరిచిపోలేదు.

కనకలక్ష్మి మజ్జిగ తేవడానికి లోపలికి పోయింది. సింధూజ డబ్బాను బల్ల మీద పెట్టి, నిలబడే చెప్పింది. “సార్, ఇష్రత్ మన బ్యాచ్ స్ఫటికాన్ని మళ్ళీ కొలిచిందంట. మన ఫలితం రాలేదంట.”

గురునాథం దండ తీసి కుర్చీ మీద వేశాడు. తొందరేమీ పడలేదు. “చూడమ్మాయ్, ఆ హీట్ కెపాసిటీ ఒక్కటి పట్టుకుని ఊగమాక. చిన్న స్ఫటికం మీద ఆ కొలత సరిగా రాదు. దానికోసం పేపరు ఆపుకుంటామా?”

సింధూజకు ఏదో తట్టింది. ఇష్రత్ మళ్ళీ కొలిచిందని మాత్రమే తాను అన్నది. ఏం కొలిచిందో అనలేదు. ఇష్రత్ ఈయనకు చెప్పనే లేదు.

“హీట్ కెపాసిటీ అని మీకెట్టా తెలుసు సార్?”

ఆయన నవ్వబోయాడు. నవ్వు రాలేదు. కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడవడం మొదలుపెట్టాడు.

“ఆ కొలత తర్వాత చూద్దాంలే అని నన్ను ఆపింది మీరే. మీరు ముందే తీశారు కదూ?”

“దసరా సెలవుల్లో” అన్నాడు గురునాథం. “నువ్వు ఊరికి పోయినప్పుడు. ఒక్కసారే. మిషను సరిగా లేదనుకున్నా. అనుకోవాలనిపించింది, అనుకున్నా.” ఆయన కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నాడు. “వచ్చే ఏడు రిటైర్ అవుతున్నా. మా నాయన గురజాల క్వారీలో బండలు కొట్టి చదివించాడు నన్ను. ముప్పై ఏళ్ళు ఈ కొలుముల ముందు కూర్చున్నా, చెప్పుకునేందుకు ఒక్కటి లేదు. ఈ ఒక్కటి వచ్చింది. దీన్ని చూసే కొత్త ల్యాబు ఇస్తన్నారు.”

ఆయన మీద జాలి కలిగిన మాట నిజం. అబద్ధం ఎందుకు, మనకైనా కలుగుతుంది. కానీ తర్వాతి మాటతో ఆ జాలి ఆవిరైపోయింది.

“ఇష్రత్ సంగతి నాకొదిలెయ్. స్ఫటికాన్ని అజాగ్రత్తగా వాడి పాడుచేసిందని, అందుకే ఆ కొలత అట్టా వచ్చిందని డిపార్టుమెంటుకి చెప్తా. నువ్వు అవునను, చాలు. ఆ పిల్లని ఇంకో ల్యాబుకి మారుస్తారు. ఎక్కడో ఒకచోట బతుకుద్ది.”

“సార్! ఆ పిల్ల నిజం చెప్పింది.”

“నిజానికి ఇవాళ తొందరేముంది? పేపరు వెనక్కి తీసుకున్న పిల్లకి డాక్టరేట్ ఎవరిస్తారు? రెండేళ్ళు మళ్ళీ మొదటికి. మీ నాన్నకి ఏం చెప్తావ్? కింద ఆయన మొహం చూశావా?”

చూసింది. పొద్దుటి నుంచీ చూస్తూనే ఉంది, అదే ఆమెను తినేస్తోంది. కింద నుంచి డప్పులు ఒక్కసారిగా జోరందుకున్నాయి. “చేదుకో కోటయ్యా, ఆదుకో కోటయ్యా” అని బజారంతా ఒక్క గొంతుతో అరిచింది. కిటికీలోంచి చూస్తే ప్రభను లేపే మోకులు అప్పటికే జనం చేతుల్లో ఉన్నాయి. ముందు మోకు పట్టుకున్నది చంద్రమౌళే. మొదటి లాగు ఆయనదే.

సింధూజ ఇంకేమీ ఆలోచించలేదు. ఆలోచిస్తే దిగలేనని తెలిసి, మెట్ల మీద నుంచి పడుతూ లేస్తూ పరుగెత్తింది.

“నాన్నా, ఆగు! ప్రభ లేపొద్దు!”

డప్పులు ఒకదాని తర్వాత ఒకటి ఆగాయి. చంద్రమౌళి మోకు వదలకుండానే తిరిగి చూశాడు. “ఏంది తల్లీ? పొద్దుపోద్ది.”

“నా బొమ్మ తీసేయించు. నేను కనిపెట్టిన దాంట్లో తప్పుంది.”

ఆయనకు ముందు నవ్వొచ్చింది. “పెద్ద పెద్దోళ్ళే ఒప్పుకున్నారంటిగా. నీకు దిష్టి భయం పట్టుకుంది.”

“నేను చూసిన మెరుపు గిన్నెది కాదు నాన్నా. కళాయిది. లోపల గిన్నె వేరేగా ఉంది. నేను చూసుకోలేదు. ఇష్రత్ అని, మా ల్యాబులో మాచర్ల అమ్మాయి, తను చూసింది.” ఆమె చుట్టూ ఉన్న జనం వైపు తిరిగింది. “అందరూ వినండి. తప్పు నాది. పట్టుకుంది ఇష్రత్. రేపెవరైనా ఆ పిల్ల పాడుచేసిందంటే నమ్మమాకండి.”

వెనకాల ఎవరో “ఇదేం చోద్యం” అని గొణిగారు. చంద్రమౌళి మొహంలో నవ్వు ఒక్కో గీతా చెరిగిపోవడం సింధూజ దగ్గర నుంచి చూసింది. అంతకంటే ఆయన చెంప మీద కొట్టినా బాగుండేదనిపించింది. కళాయి పోయిన గిన్నెను మంచిదని అమ్మిన పాపాన ఆయన ఎన్నడూ పోలేదు. ఆ ఒక్క మాటతో ఆయనకు మొత్తం అర్థమైపోయింది.

“తెలిసీ ఊరుకుంటే ఎవురికీ తెలిసేది కాదా?” అని అడిగాడు, కూతురికి మాత్రమే వినపడేట్టు.

“ఇవాళ తెలిసేది కాదు నాన్నా.”

చంద్రమౌళి మోకు కింద పెట్టాడు. కొబ్బరికాయలు కొడుతున్న చోటికి పోయి కత్తి తీసుకొచ్చి, పిడి ఆమె వైపు తిప్పి అందించాడు. “నువ్వే కొయ్యి. కట్టినోణ్ణి, నేను కొయ్యలేను.”

సింధూజ మోకాళ్ళ మీద కూర్చుని తాళ్ళు కోసింది. ఫ్లెక్సీ తన మొహం మీదుగానే ముడుచుకుని పక్కకు జారింది. దాని వెనక వెదురు బద్దలు తప్ప ఏమీ లేవు. బొమ్మ పెట్టడానికి వదిలిన ఖాళీని పూడ్చే రంగుగుడ్డ ఇప్పటికిప్పుడు ఎక్కడ దొరుకుతుంది? “అట్టాగే లేపండిరా” అన్నాడు చంద్రమౌళి. డప్పులు మళ్ళీ మోగాయి, మోకులు బిగిశాయి. స్వామి పటం కింద మనిషి పట్టేంత ఆకాశంతో ప్రభ నిలబడింది.

దాన్ని తలెత్తి చూస్తూ సింధూజ పొద్దుటి నుంచీ మొదటిసారి ఊపిరి పీల్చుకుంది. ఇష్రత్‌కు ఇంక భయం లేదు. మాటకు మాట అడ్డం వచ్చినా, విడిపోయిన ఆ స్ఫటికం తన దగ్గరుంది. పేపర్లోని గీత వచ్చిన స్ఫటికం అదే. దాని పొరలో ఫ్లక్సును ఎవరికైనా చూపిస్తే చాలు, ఇష్రత్ పాడుచేసిందన్న మాట నిలవదు.

బజారు మలుపు దగ్గర తెల్ల కారు ఒకటి హారన్ కొట్టుకుంటూ జనాన్ని తప్పించుకుని పోతోంది. గురునాథం సార్ కారు. సన్మానం లేకుండానే పోతున్నాడు, పోనీలే అనుకుంది.

కనకలక్ష్మి మెట్లు దిగి వచ్చింది. మజ్జిగ గ్లాసు అలాగే చేతిలో ఉంది. పొద్దుటి నుంచీ ఆమె మొహాన ఉన్న దిగులు ఇప్పుడు లేదు. “అంత పెద్ద సారు, ఒక్క మాట అన్లేదే. నేనే విరగ్గొట్టానని చెప్పుకున్నా. ‘దాందేముందమ్మా, నేను బాగు చేయించుకొస్తా’ అని డబ్బాతో సహా తీసుకుపోయాడు.”

సింధూజ మలుపు వైపు పరుగెత్తింది. ట్రాక్టర్లూ, ఎడ్ల బండ్లూ, జనమూ దారి మూసేశారు. కారు కనపడలేదు. ఆమె బొటనవేలు ఎత్తి చూసుకుంది. గోటి కింద వెండి మరక ఇంకా ఉంది, ఆ స్ఫటికానికి మిగిలిన సాక్ష్యం అదొక్కటే. గీరినప్పటి నుంచీ ఎన్నిసార్లు ఆ చేత్తో చెమట తుడుచుకుందో, ఇంకెంత మిగిలి ఉందో ఆమెకే తెలియదు.